ఇంగ్లీషు నాటక విమర్శ: విక్టోరియా యుగం చివరి ఇరవై ఏళ్లు

1

ఇంగ్లీషు సాహిత్య చరిత్ర చదివే విద్యార్థికి పందొమ్మిదో శతాబ్దపు నాటకాన్ని గురించి సాధారణంగా ఒకే మాట వినిపిస్తుంది. షెరిడన్ తరవాత నూరేళ్లపాటు ఇంగ్లండులో చెప్పుకోదగ్గ నాటకం పుట్టలేదనీ, 1890 ప్రాంతంలో బెర్నార్డ్ షా వచ్చి ఆ లోటు తీర్చాడనీ ఆ మాట సారాంశం. పాఠ్యపుస్తకాలు ఇట్లా చెపుతాయి. పరీక్షల్లో ఇట్లా రాస్తే మార్కులు కూడా వస్తాయి. కాని ఒక మేధావి లేనందువల్ల కళ చచ్చిపోయిందనీ, మరొక మేధావి పుట్టినందువల్ల బతికిందనీ చెప్పటం చరిత్ర అనిపించుకోదు. ఆ నూరేళ్లలోనే ఇంగ్లండులో డికెన్స్, థాకరే, బ్రాంటీ సోదరీమణులు, జార్జ్ ఇలియట్ నవలలు రాశారు. ప్రతిభకు కరువు లేదు. మరి ఆ ప్రతిభ రంగస్థలం గుమ్మం ఎందుకు తొక్కలేదు? తొక్కనివ్వని శక్తులేవి? ఆ శక్తులను ఎదిరించిన వారెవరు? ప్రశ్నలను ఇట్లా వేసుకుంటే తప్ప ఆ యుగం మనకు అర్థం కాదు.

ఈ వ్యాసంలో నేను ఆ యుగపు నాటకాలకంటే నాటక విమర్శను గురించే ఎక్కువగా చెప్పదలిచాను. ఇందుకు కారణం వుంది. 1880కీ 1898కీ మధ్య లండన్ పత్రికల్లో జరిగిన వాదోపవాదాలు అభిరుచులకు సంబంధించిన తగాదాలు కావు. సంఘాన్ని గురించి రంగస్థలం మీద ఏది మాట్లాడవచ్చు, ఏది మాట్లాడకూడదు, దాన్ని నిర్ణయించే హక్కు ఎవరిది అన్నదే ఆ వాదాల అసలు విషయం. ఆ పోరాటంలో విమర్శకులు రెండు పక్కలా నిలిచారు. ఎవరు ఎటు నిలిచారో, ఎందుకు నిలిచారో తెలుసుకోవటం అభ్యుదయ సాహిత్యోద్యమంలో వున్న మనకు అవసరమని నా నమ్మకం.

2

మొట్టమొదట చట్టం సంగతి చూడాలి. 1737లో ప్రధాని వాల్పోల్, తనమీదా తన ప్రభుత్వంమీదా రంగస్థలం విసురుతున్న వ్యంగ్యాన్ని భరించలేక లైసెన్సు చట్టం చేయించాడు. ఆ వ్యంగ్యానికి ముఖ్య కర్త హెన్రీ ఫీల్డింగ్. చట్టం రావటంతో ఆయన నాటకరంగాన్ని వదిలి న్యాయశాస్త్రం చదువుకున్నాడు, తరవాత నవలలు రాశాడు. ఇంగ్లీషు నవలకు కలిగిన లాభం ఇంగ్లీషు నాటకానికి నష్టమయింది. 1843లో వచ్చిన కొత్త చట్టం డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ థియేటర్ల గుత్తాధికారాన్ని తీసివేసింది గాని, సెన్సారు అధికారాన్ని మాత్రం భద్రంగా వుంచింది. ప్రతి కొత్త నాటకపు ప్రతినీ ప్రదర్శనకు కనీసం ఏడు రోజుల ముందు రాజాస్థాన అధికారి అయిన లార్డ్ చాంబర్లిన్ కార్యాలయానికి పంపాలి. అక్కడ నాటక పరీక్షకుడు చదివి చూస్తాడు. చదివినందుకు రుసుము కూడా థియేటరు వారే చెల్లించాలి. గరిష్ఠంగా రెండు గినీలు. లైసెన్సు నిరాకరిస్తే కారణం చెప్పవలసిన బాధ్యత ఆ అధికారికి లేదు. అప్పీలు చేసుకోవటానికి కోర్టు లేదు.

ఈ చట్టం ఏమి ఆపిందో చూస్తే దాని వర్గ స్వభావం బోధపడుతుంది. బైబిలు పాత్రలు రంగస్థలం మీదికి రాకూడదు. ఆ కారణంతోనే 1892లో సారా బెర్నార్ లండన్‌లో రిహార్సలు చేస్తున్న ఆస్కార్ వైల్డ్ ‘సలోమే’ ఆగిపోయింది. షెల్లీ ‘ది చెంచీ’ని 1886లో షెల్లీ సొసైటీ వారు తమ సభ్యుల కోసం ఏకాంత ప్రదర్శనగా వేసుకోవలసి వచ్చింది. కవి చనిపోయి అప్పటికి అరవై నాలుగేళ్లు! బతికున్న రాజకీయ నాయకుల పోలికలు వేషాల్లో కనిపించకూడదు. మరొక పక్క ఫ్రెంచి ప్రహసనాల్లోని చాటుమాటు వ్యభిచార వినోదం మాత్రం కాస్త పేర్లు మార్చుకుని నిరాటంకంగా సాగిపోయేది. పతిత స్త్రీ రంగస్థలం మీదికి రావచ్చు, ఆమె అందంగా వుండి ఆఖరి అంకంలో చచ్చిపోయేట్లయితే. ఆమె పతనం మీద ఎవరు లాభం తీస్తున్నారో చెపితే మాత్రం లైసెన్సు దొరకదు. షా 1893లో రాసిన ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’ సరిగ్గా ఆ లాభం సంగతే చెప్పింది. 1902లో స్టేజ్ సొసైటీ దాన్ని సభ్యుల కోసం వేసింది. బహిరంగ ప్రదర్శనకు లైసెన్సు రావటానికి 1924 దాకా ఆగవలసి వచ్చింది.

ఇదే ప్రభుత్వం ఇండియాలో ఏం చేసిందో ఇక్కడ జ్ఞాపకం చేసుకోవటం అవసరం. 1876 ఫిబ్రవరిలో కలకత్తా గ్రేట్ నేషనల్ థియేటర్ వారు, వేల్స్ యువరాజును తన ఇంటి అంతఃపురానికి ఆహ్వానించిన ఒక పెద్దమనిషి మీద ప్రహసనం ఆడారు. వెంటనే గవర్నర్ జనరల్ నార్త్‌బ్రూక్ ఆర్డినెన్సు జారీ చేశాడు. ఆ ఏడాది డిసెంబరులో లిటన్ హయాంలో అది నాటక ప్రదర్శనల చట్టమయింది. లండన్‌లో లైసెన్సు ముందుగానే తీసుకోవాలి. ఇక్కడ సర్కారు ఎప్పుడు కావాలంటే అప్పుడు నిషేధించవచ్చు. పద్ధతులు వేరు, ఉద్దేశం ఒకటే. స్వతంత్రం వచ్చిన తరవాత కూడా ఆ చట్టం మన పుస్తకాల్లో నిలిచి వుండి 2018లో గాని కేంద్ర చట్టాల జాబితా నుంచి తొలగలేదు. తెలంగాణా రైతాంగ పోరాట కాలంలో సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ని ఆడిన ప్రజానాట్యమండలి కళాకారులకు నిషేధమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కాబట్టి లార్డ్ చాంబర్లిన్ కథ మనకు పరాయి కథ కాదు.

3

చట్టం ఒక్కటే నాటకాన్ని అణచివేయలేదు. వ్యాపారం కూడా దాని పని అది చేసింది. రైళ్లు పెరిగి, శివార్లు పెరిగి, మధ్య తరగతి వారు సాయంకాలం లండన్ వచ్చి నాటకం చూసి ఇంటికి పోగల వసతి ఏర్పడిన తరవాత ఒకే నాటకాన్ని వందలాది రాత్రులు ఆడటం లాభసాటి అయింది. రోజుకొక నాటకం మార్చే పాత పద్ధతి పోయింది. దీర్ఘకాలం ఆడవలసిన నాటకం ఎవరి మనస్సూ నొప్పించకూడదు. సీన్లకూ దుస్తులకూ పెట్టుబడి పెరిగినకొద్దీ కొత్త రచయితను నమ్మే ధైర్యం తగ్గింది.

ఈ మార్పు థియేటరు సీట్లలోనే కనిపిస్తుంది. పాత థియేటర్లలో స్టేజి కెదురుగా నేలమీద బల్లలుండేవి. దాన్ని ‘పిట్’ అనేవారు. మన నేల టిక్కెట్టూ బెంచీ టిక్కెట్టూ లాంటిది. గుమాస్తాలూ, చిన్న వర్తకులూ, చేతిపనివారూ, నాటకం మీద పిచ్చి వున్న విద్యార్థులూ కూర్చునేది అక్కడే. నచ్చకపోతే ఈలలు వేసేదీ, నచ్చితే నటుణ్ణి నిలబెట్టేదీ వారే. బాంక్రాఫ్ట్ దంపతులు 1880 జనవరి 31న హేమార్కెట్ థియేటర్‌ను కొత్తగా తెరిచినప్పుడు ఆ పిట్‌ను ఎత్తివేసి, నేలంతా అరగినీ కుర్చీలతో నింపారు. మొదటి రాత్రి ప్రేక్షకులు గొడవ చేశారు, తెర లేవటమే కష్టమయింది. అయినా కుర్చీలే గెలిచాయి. ఇదే దంపతులు 1860 దశకంలో టి. డబ్ల్యు. రాబర్ట్‌సన్ నాటకాలతో రంగస్థలం మీదికి కొంత గృహజీవిత వాస్తవికత తెచ్చిన మాట కూడా నిజమే. నిజమైన తలుపులూ నిజమైన టీ కప్పులూ వచ్చాయి. ఆ టీ తాగేవారి ఆదాయం ఎక్కడినుంచి వస్తున్నదనే ప్రశ్న మాత్రం రాలేదు.

ఈ పరిస్థితుల్లో విమర్శకుడి స్థానమేమిటి? 1855లో పత్రికల స్టాంపు పన్నూ, 1861లో కాగితం పన్నూ రద్దయిన తరవాత కాణీ పత్రికలు లక్షల మంది చేతికి వచ్చాయి. వాటిలో ‘డెయిలీ టెలిగ్రాఫ్’ అగ్రగామి. ఆ పత్రికలో 1871 నుంచి 1898 దాకా నాటక విమర్శ రాసిన క్లెమెంట్ స్కాట్ లండన్‌లో అందరికంటే ఎక్కువగా చదవబడిన విమర్శకుడు. ఆయన్ను మూర్ఖుడిగా చిత్రించటం అభ్యుదయవాదుల్లో ఒక ఆనవాయితీ. అది న్యాయం కాదని నా అభిప్రాయం. నటుడి గొంతునూ, చూపునూ, నడకనూ మాటల్లో పట్టి పాఠకుడి కళ్లకు కట్టించే శక్తి స్కాట్‌కు వుంది. నాటకాన్ని ప్రాణప్రదంగా ప్రేమించాడు. సామాన్య పాఠకులు ఆయన మాట విని టిక్కెట్లు కొన్నారంటే అది ఊరకే జరగలేదు.

కాని ఆయన విమర్శ ఏ నేలలో మొలిచిందో చూడండి. ఆనాటి విమర్శకుల్లో పలువురు థియేటరు యజమానులకు ఫ్రెంచి నాటకాలు మార్చి ఇచ్చి డబ్బు సంపాదించుకునేవారు. 1878లో బాంక్రాఫ్ట్ దంపతులు ఆడిన ‘డిప్లొమసీ’, సార్దూ ఫ్రెంచి నాటకానికి అనుసరణ. అనుసరించినవారి పేర్లు ప్రకటనలో బోల్టన్ రో, సావిల్ రో అని వున్నాయి. రెండూ లండన్ వీధుల పేర్లు పోలిన మారుపేర్లు; రెండో పేరు స్కాట్‌ది. తన నాటకం కొనగల యజమాని మీద మర్నాడు పత్రికలో తీర్పు చెప్పవలసిన మనిషి ఎంత స్వతంత్రంగా రాయగలడు? లైసియం థియేటరులో హెన్రీ ఇర్వింగ్ మొదటి రాత్రి ప్రదర్శన ముగిశాక స్టేజి మీదే విందు చేసేవాడు. ప్రభువులతోపాటు పత్రికల వారూ ఆ విందుకు పోయేవారు. ఇది లంచమని నేననను. లంచం అవసరం లేనంత దగ్గర సంబంధం అక్కడ వుందని మాత్రం అంటాను. విమర్శకుడూ, యజమానీ, అరగినీ ప్రేక్షకుడూ ఒకే లోకంలో భోంచేసి ఒకే భాష మాట్లాడుతున్నారు. బయటి గొంతు వినిపించినప్పుడు వారు ముగ్గురూ ఒక్కటిగా ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు.

4

ఆ బయటి గొంతు నార్వే నుంచి వచ్చింది. ఇబ్సెన్ నాటకం లండన్‌లో మొదటిసారి ఆడింది 1880 డిసెంబరు 15న, గెయిటీ థియేటరులో, ఒకే ఒక మధ్యాహ్నపు ఆట. ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ని ‘క్విక్‌సాండ్స్’ పేరుతో తర్జుమా చేసినవాడు విలియం ఆర్చర్ అనే ఇరవై నాలుగేళ్ల స్కాట్లండు యువకుడు. కుటుంబ సంబంధాలవల్ల నార్వేతో పరిచయం, ఆ భాషతో చనువు అతనికి వున్నాయి. ఆ ఆటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1884లో హెన్రీ ఆర్థర్ జోన్స్, హెన్రీ హెర్మన్ కలిసి ‘డాల్స్ హౌస్’ను ‘బ్రేకింగ్ ఎ బటర్‌ఫ్లై’గా మార్చారు. అందులో భార్య గడప దాటదు. భర్త ఉదారుడవుతాడు, సంసారం చక్కబడుతుంది. ఇబ్సెన్ నాటకంలోని ముల్లు తీసేసి తోలు మాత్రం అమ్మారన్నమాట.

పాఠ్యపుస్తకాలు చాలా వరకు వదిలేసే ఒక సంఘటన ఇక్కడ చెప్పాలి. 1886 జనవరి 15న లండన్ గ్రేట్ రస్సెల్ వీధిలో ఒక ఇంట్లో కొందరు మిత్రులు కూడి ‘డాల్స్ హౌస్’ను పాత్రలు పంచుకుని చదివారు. నోరా పాత్ర చదివింది కారల్ మార్క్స్ చిన్న కూతురు ఎలినార్. భర్త హెల్మర్ పాత్ర ఎడ్వర్డ్ ఎవెలింగ్‌ది. మిసెస్ లిండేగా విలియం మారిస్ కూతురు మే మారిస్, వడ్డీవ్యాపారి క్రోగ్‌స్టాగా బెర్నార్డ్ షా. ఆ నలుగురూ సోషలిస్టులే. ఎలినార్ అంతటితో ఆగలేదు. ‘ఎనిమీ ఆఫ్ ద పీపుల్’ను ‘ఎనిమీ ఆఫ్ సొసైటీ’గా ఆమె చేసిన అనువాదం 1888లో అచ్చయింది. నార్వే భాష నేర్చుకుని 1890లో ‘లేడీ ఫ్రమ్ ద సీ’ని తర్జుమా చేసింది. ఇదే ఎలినార్ 1889 ఓడరేవు కూలీల సమ్మెలో పనిచేసింది. గ్యాస్ కార్మికుల సంఘం నిర్మాణంలో పాల్గొన్నది. ఆ సంఘ నాయకుడు విల్ థోర్న్‌కు చదువూ రాతా మెరుగుపరచుకోవటానికి తోడ్పడింది. సమ్మె పనీ, అనువాదం పనీ ఆమెకు రెండు వేరు జీవితాలు కావు. ఇంగ్లండులో ఇబ్సెన్ ప్రచారం కొందరు సాహిత్యాభిమానుల సరదాగా మొదలయిందని చెప్పేవారు ఈ గదిని మరిచిపోతున్నారు.

1889 జూన్ 7న నావెల్టీ థియేటరులో జానెట్ అచర్చ్ నోరాగా, ఆర్చర్ తర్జుమాలో, అసలు ‘డాల్స్ హౌస్’ను లండన్ చూసింది. నోరా తలుపు వేసి వెళ్లిపోయింది. లండన్ పత్రికలు నెలల తరబడి ఆమెను వెనక్కి తీసుకురావాలని చూశాయి. వాల్టర్ బెసంట్ అనే నవలాకారుడు ఆ కథకు కొనసాగింపు రాసి, తల్లి వెళ్లిపోయిన పాపానికి ఆ కుటుంబం ఎట్లా చెడిందో చూపించాడు. ఎలినార్ మార్క్స్, ఇజ్రాయెల్ జాంగ్విల్ కలిసి 1891లో ‘డాల్స్ హౌస్ మరమ్మతు’ అనే అర్థం వచ్చే పేరుతో హేళన రచన చేశారు. పెద్దమనుషులు కోరినట్లు నాటకాన్ని సవరిస్తే ఎంత నవ్వులాటగా తయారవుతుందో ఆ రచన రుజువు చేసింది.

అసలు తుఫాను 1891 మార్చి 13న వచ్చింది. హాలెండు నుంచి వచ్చి లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న జె. టి. గ్రీన్ ‘ఇండిపెండెంట్ థియేటర్’ అనే సంఘం పెట్టి, సోహోలోని రాయల్టీ థియేటరులో ‘గోస్ట్స్’ ఆడించాడు. చందాదారుల కోసం వేసే ఆటకు లైసెన్సు అక్కరలేదు. అదే వారు వాడుకున్న సందు. తండ్రి వ్యభిచారం కొడుకు శరీరంలో రోగమై పండటం, పరువు కోసం కాపరం చేసిన తల్లి దానికి సాక్షిగా నిలబడటం ఆ నాటక వస్తువు. ‘డెయిలీ టెలిగ్రాఫ్’ ఆ నాటకాన్ని మురుగుకాలవతో, కుష్ఠుతో పోల్చి సంపాదకీయమే రాసింది. ఇతర పత్రికలూ అదే దారి పట్టాయి. నాటకాన్ని తిట్టి వూరుకోక, చూడవచ్చిన వారి శీలాన్ని కూడా తిట్టాయి.

దీనికి ఆర్చర్ ఇచ్చిన సమాధానం నాకు అన్ని కాలాల విమర్శకులకూ పాఠంగా కనిపిస్తుంది. ఆయన ఎదురు తిట్లకు దిగలేదు. వివిధ పత్రికల తిట్లన్నీ ఏరి, వరసగా పేర్చి, ఏప్రిల్ 8న ‘పాల్‌మాల్ గెజెట్’లో అచ్చు వేయించాడు. ఒక్కొక్కటిగా చదివినప్పుడు నైతికావేశంలా వినిపించినవి ఒకచోట చేరేసరికి భయంతో పుట్టిన కేకలుగా బయటపడ్డాయి. ప్రత్యర్థి మాటల్ని ప్రత్యర్థి మాటల్లోనే నిజాయితీగా చూపటం ఎంత పదునైన ఆయుధమో ఆర్చర్‌కు తెలుసు. ఆ జాబితాను షా అదే ఏడు వెలువడిన ‘క్వింటెసెన్స్ ఆఫ్ ఇబ్సెనిజం’లో వాడుకున్నాడు. ఆ పుస్తకం 1890 జులైలో ఫేబియన్ సొసైటీలో చేసిన ఉపన్యాసం నుంచి పెరిగింది.

5

ఇక మన పక్షం వారిని కూడా పరీక్షించాలి. షా పుస్తకం ధైర్యంగా వుంది, చురుగ్గా వుంది; కాని అది ఇబ్సెన్ నాటకాలను ఒక సిద్ధాంతానికి ఉదాహరణలుగా మార్చివేసింది. ఆదర్శాలనే ముసుగులను చించటమే ఇబ్సెన్ పని అయినట్లు, ఆ పాత్రలు వాదాలు చెప్పటానికే పుట్టినట్లు దానిలో కనిపిస్తుంది. ఆర్చర్ ఈ పద్ధతిని ఒప్పుకోలేదు. ఇబ్సెన్ ముందు కవి, నాటకశిల్పి. సిద్ధాంతం తరవాత, అని ఆయన వాదన.

ఆ రోజుల్లో లండన్‌లోనే నివసిస్తున్న ఎంగెల్స్ ఈ సమస్యను మరొక వైపు నుంచి తాకాడు. 1890 జూన్‌లో పాల్ ఎర్నెస్ట్ అనే జర్మన్ రచయితకు ఉత్తరం రాస్తూ, చారిత్రక భౌతికవాదాన్ని పరిశోధనకు దారిగా గాక, సత్యాలను కత్తిరించి ఇమిడ్చే అచ్చుగా వాడితే అది తనకు తానే వ్యతిరేకమవుతుందని హెచ్చరించాడు. జర్మనీలోని పెటీ బూర్జువాను చూసి నార్వేకు తీర్పు చెప్పకూడదు; నార్వే రైతు ఎన్నడూ అర్ధబానిసగా లేడు, అందుకే ఇబ్సెన్ పాత్రల్లో స్వతంత్రంగా నిలబడే గుణం వుంది అని ఆయన వివరించాడు. అంతకు రెండేళ్ల ముందు 1888లో, నవలా రచయిత్రి మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో, రచయిత అభిప్రాయాలు ఎంత దాగి వుంటే కళకు అంత మేలనీ, బాల్జాక్ తన రాజకీయ సానుభూతికి విరుద్ధంగానే నిజం చూపగలిగాడనీ రాశాడు. ‘మన విషయం వున్న నాటకం కాబట్టి మంచి నాటకం’ అనే వాదానికి మార్క్సిజంలో చోటు లేదని చెప్పటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

షా, ఆర్చర్‌ల స్నేహంలో ఈ ప్రశ్న ఆచరణలో పరీక్షకు వచ్చింది. వారిద్దరూ 1880 దశకం తొలి రోజుల్లో బ్రిటిష్ మ్యూజియం పఠన మందిరంలో కలిశారు. పక్కన కూర్చున్న ఎర్రగడ్డం యువకుడు ఒకేసారి మార్క్స్ ‘కాపిటల్’ ఫ్రెంచి ప్రతినీ, వాగ్నర్ సంగీత నాటకపు స్వరలిపినీ ముందు పెట్టుకుని చదవటం ఆర్చర్‌ను ఆకర్షించింది. పేద షాకు పత్రికల్లో పని ఇప్పించింది ఆర్చరే. ఇద్దరూ కలిసి ఒక నాటకం మొదలుపెట్టారు. కథ ఆర్చర్‌ది, సంభాషణలు షావి. అది సాగలేదు. దాన్నే తరవాత షా ఒంటరిగా పూర్తిచేస్తే ‘విడోయర్స్ హౌసెస్’ అయింది. 1892 డిసెంబరు 9న ఇండిపెండెంట్ థియేటర్ దాన్ని ఆడింది; రెండే రెండు ఆటలు.

కథ క్లుప్తంగా చెపుతాను. ట్రెంచ్ అనే యువ డాక్టరు సార్టోరియస్ అనే ధనికుడి కూతుర్ని ప్రేమిస్తాడు. మామగారి ఐశ్వర్యమంతా మురికివాడ కొంపల అద్దెలని తెలిసి, ఆ డబ్బు ముట్టనంటాడు. అప్పుడు మామ నెమ్మదిగా చెపుతాడు: నీ ఆదాయం కూడా అదే కొంపల మీది తనఖా వడ్డీయే నాయనా! ట్రెంచ్ కూలబడతాడు. చివరికి వాటాదారుగా చేరతాడు. మురికివాడల దుస్థితి మీద 1884లో రాయల్ కమిషన్ వేసి, మరుసటి ఏడే నివేదిక తెచ్చుకున్న దేశంలో, ఆ మురికి ఎక్కడో దుర్మార్గుల పని కాదు, గౌరవనీయుల నెలసరి రాబడి అని రంగస్థలం మీద చెప్పటం అదే మొదలు. దుష్టుణ్ణి శిక్షించి ప్రేక్షకుణ్ణి తృప్తిగా ఇంటికి పంపే పాత నాటకపు వరస దానిలో తెగిపోయింది.

ఆర్చర్ ఈ నాటకాన్ని ‘ది వరల్డ్’ పత్రికలో ఖండించాడు. స్నేహితుడి మొదటి నాటకం, తమ పక్షం సంఘం ఆడిన నాటకం, శత్రు పత్రికలు విరుచుకుపడుతున్న నాటకం. అయినా దానిలో నాటకశిల్పం లేదని, షాకు ఈ విద్య అబ్బదని తనకు తోచినది తోచినట్లు రాశాడు. ఆ తీర్పు తప్పని కాలం తేల్చింది. అయినప్పటికీ ఆర్చర్ చేసిన పనిని నేను గౌరవిస్తాను. షా దానికి అలగలేదు. 1893లో నాటకం అచ్చు వేసినప్పుడు ముందుమాటలో ఆర్చర్ కథనానికే చోటిచ్చి, ఈ పోట్లాటను అందరి ముందూ పెట్టాడు. స్నేహం చివరి దాకా నిలిచింది. స్కాట్ తప్పుకూ ఆర్చర్ తప్పుకూ తేడా ఇక్కడే వుంది. ఒకరిది తన లోకాన్ని కాపాడుకోవటం కోసం జరిగిన తప్పు. రెండోది చూసినదాన్ని దాచకుండా చెప్పటంలో జరిగిన తప్పు. రెండో రకం తప్పును చర్చ సరిదిద్దగలదు. మొదటిదాన్ని ఏ చర్చా సరిదిద్దలేదు.

6

1892లో పార్లమెంటు కమిటీ ఒకటి థియేటర్ల లైసెన్సు వ్యవహారాన్ని విచారించింది. ఇర్వింగ్ వంటివారు సెన్సారును సమర్థించారు, ఆర్చర్ వ్యతిరేకించాడు. యజమానులు సంకెళ్లను ఎందుకు ప్రేమించారు? కారణం లెక్కల పుస్తకంలో వుంది. లార్డ్ చాంబర్లిన్ లైసెన్సు చేతిలో వుంటే ఏ పోలీసూ ఏ నీతిసంఘమూ ఆట మధ్యలో ఆపలేదు. వేల పౌన్లు ఖర్చుచేసిన యజమానికి రెండు గినీల రుసుము చౌక భీమా. నష్టమంతా ఆ భీమా ఇవ్వని నాటకం రాసినవాడిది.

1895 సంవత్సరం ఈ వ్యవస్థ ముఖాన్ని స్పష్టంగా చూపింది. ఆ ఏడు మే నెలలో ఇర్వింగ్‌కు నైట్‌హుడ్ ప్రకటించారు. నటుడికి ఆ గౌరవం దక్కటం అదే మొదటిసారి. ఆ మే 25నే వైల్డ్‌కు రెండేళ్ల కఠినశిక్ష పడింది. ఏప్రిల్‌లో వైల్డ్ అరెస్టయినప్పుడు ఆయన నాటకాలు రెండు లండన్‌లో నిండుగా ఆడుతున్నాయి. యజమానులు ఆయన పేరును ప్రకటనల నుంచి చెరిపివేసి, నాటకాల మీద వచ్చే డబ్బును మాత్రం కొద్దికాలం వసూలు చేసుకున్నారు. నటుడు దర్బారులోకి పోయాడు, రచయిత జైలుకు పోయాడు. గౌరవం దేనికి దొరుకుతుందో లోకానికి తెలిసింది.

అదే ఏడు జనవరి నుంచి 1898 మే దాకా షా ‘సాటర్‌డే రివ్యూ’లో నాటక విమర్శ రాశాడు. ఆ వ్యాసాల్లో ఆయన ఇర్వింగ్‌ను వదలలేదు. గొప్ప నటశక్తి వుండీ సమకాలీన నాటకానికి తలుపు మూసినందుకూ, షేక్స్‌పియర్‌ను ఇష్టం వచ్చినట్లు కోసినందుకూ వారం వారం నిలదీశాడు. తనకు పక్షపాతం వుందని షా దాచలేదు. ఆ వ్యాసాల బలమంతా అక్కడే వుంది. స్కాట్ మాత్రం తన అభిరుచినే సర్వమానవ నీతిగా ప్రకటించేవాడు. ఆ నీతే చివరికి ఆయన్ను ముంచింది. నటనా వృత్తిలో వున్న స్త్రీ శీలం కాపాడుకోవటం దుర్లభమని ఆయన చెప్పిన మాటలు 1898 ప్రారంభంలో దుమారం రేపాయి. ఏ వృత్తిని పొగిడి బతికాడో ఆ వృత్తి ఆయనమీద తిరగబడింది. ‘టెలిగ్రాఫ్’ ఉద్యోగం పోయింది.

ఆ వృత్తిలోని స్త్రీలు ఈలోగా ఏం చేస్తున్నారో కూడా చూడాలి. ఎలిజబెత్ రాబిన్స్, మేరియన్ లీ అనే ఇద్దరు నటీమణులు యజమానుల మీద ఆశ వదులుకుని, 1891 ఏప్రిల్‌లో ‘హెడ్డా గాబ్లర్’ను తామే సొంతంగా ప్రదర్శించారు. 1893లో రాబిన్స్, ఫ్లోరెన్స్ బెల్ పేర్లు చెప్పకుండా రాసిన ‘అలన్స్ వైఫ్’ను ఇండిపెండెంట్ థియేటర్ ఆడింది. కర్మాగారంలో భర్త ప్రమాదానికి బలికాగా, అంగవైకల్యంతో పుట్టిన బిడ్డను చంపుకున్న కార్మికుడి భార్య కథ అది. ఇబ్సెన్ ఉద్యమాన్ని షా, ఆర్చర్‌ల ఘనతగా మాత్రమే రాసే చరిత్రలు ఈ స్త్రీల శ్రమను కొట్టివేస్తున్నాయి.

7

ఈ పోరాటం ఏం సాధించింది? 1904 నుంచి 1907 దాకా కోర్ట్ థియేటరులో బార్కర్, వెడ్రెన్‌ల యాజమాన్యం షా నాటకాలను నిలబెట్టింది. 1908లో మాంచెస్టర్‌లో మిస్ హార్నిమన్ గెయిటీ థియేటరు వచ్చింది. 1909లో గాల్స్‌వర్దీ ‘స్ట్రైఫ్’ సమ్మెనే రంగస్థలం మీదికి తెచ్చింది. సెన్సారుకు వ్యతిరేకంగా 1907లో 71 మంది రచయితలు సంతకాలు చేశారు, 1909లో మరో కమిటీ కూర్చుని లైసెన్సును ఐచ్ఛికం చేయాలన్నది, ప్రభుత్వం వినలేదు. ‘గోస్ట్స్’కు లైసెన్సు 1914లో వచ్చింది. చాంబర్లిన్ అధికారం 1968లో గాని పోలేదు.

ఒక పరిమితి మాత్రం దాచకూడదు. చందాదారుల సంఘం చట్టంలోని సందును వాడుకున్నది, కాని ఆ సందు ఇరుకైనది. మురికివాడ అద్దెల నాటకాన్ని మురికివాడలో అద్దె కట్టేవాడు చూడలేదు. చందా కట్టగలిగిన కొద్దిమంది చదువరులే చూశారు. నేల టిక్కెట్టు ప్రేక్షకుణ్ణి అరగినీ కుర్చీ తరిమివేసింది. మ్యూజిక్ హాలు చేరదీసింది. కొత్త నాటకం అతన్ని తిరిగి పిలవలేకపోయింది. ఎలినార్ మార్క్స్ ఒక్కతే గ్యాస్ కార్మికుల సభకూ ఇబ్సెన్ పుస్తకానికీ మధ్య రాకపోకలు సాగించింది. ఆమె 1898లో చనిపోయింది. ఆ దారిని వెడల్పు చేసే సంస్థ ఆనాటి ఇంగ్లండులో ఏర్పడలేదు. మన ప్రజానాట్యమండలి పల్లెల్లో పందిళ్లు వేసి చేసిన పని విలువ ఈ పోలికలో నాకు మరింతగా తెలిసివస్తుంది.

విమర్శ విషయంలో ఆ ఇరవై ఏళ్ల నుంచి నేను తీసుకునే నిర్ధారణలు మూడు. విమర్శకుడి జీతం ఎవరిస్తున్నారు, భోజనం ఎవరి ఇంట్లో అన్నది విమర్శలో భాగమే; దాన్ని అడగటం వ్యక్తిగత దూషణ కాదు. ప్రత్యర్థిని ఖండించే ముందు అతని మాటను అతని మాటగా చూపాలి. మన పక్షం రచయిత నాటకం బాగా లేకపోతే లేదని మన పత్రికలోనే రాయాలి. మొదటి రెండు పనులూ మనం కొంతవరకు చేస్తున్నాం. మూడోది చెయ్యటానికి జంకుతున్నాం. వస్తువు మంచిదని నాటకాన్నీ, ఉద్దేశం మంచిదని కథనూ మెచ్చుకుని పంపివేస్తున్నాం. శత్రువుల ముందు మన లోపాలెందుకు బయటపెట్టుకోవాలనే వాదన దానికి సమర్థనగా వినిపిస్తున్నది. ‘విడోయర్స్ హౌసెస్’ మీద లండన్ అంతా విరుచుకుపడుతున్నప్పుడు ఆర్చర్ ఆ వాదన చెయ్యలేదు. దానివల్ల షాకు గాని, ఆ ఉద్యమానికి గాని కలిగిన నష్టమేమీ నాకు కనిపించటం లేదు. అతను అన్నది తప్పని రుజువు చెయ్యటానికి షా మరొక నాటకం రాశాడు, ఆ తరవాత ఇంకొకటి రాశాడు. మన రచయితలకు కూడా అట్లాంటి మిత్రులు అవసరం.